తెర పడ్డాక ఎంతసేపు?

స్టూడెంట్స్ నడిపే ఆర్ట్స్ ఫెస్ట్‌కి వెళ్తే నేను ఏ ఐటెం బాగుంది ఏది బాలేదు అని చూడను, తెర పడ్డాక మళ్లీ లేవడానికి ఎంతసేపు పట్టిందో చూస్తా. పక్కవాళ్లు చప్పట్లు కొడుతుంటే నేను ఫోన్‌లో టైం చూసుకుంటూ ఉంటా, మా ఫ్రెండ్ అయితే నిన్ను నాటకానికి తీసుకురావడమే దండగ అని తిట్టింది కూడా. ఏం చేస్తాం, చదువుకునే రోజుల్లో బ్యాక్‌స్టేజ్‌లో పనిచేసినవాళ్లకి ఈ జబ్బు పోదు. నాటకం, డాన్స్, పాట ఇవన్నీ పిల్లలు ముందే కిందా మీదా పడి ప్రాక్టీస్ చేసుకుని వస్తారు కాబట్టి ఎలాగోలా గట్టెక్కేస్తాయి. ఎవరూ ప్రాక్టీస్ చెయ్యనిది ఒక్కటే, ఒక ఐటెం అయ్యాక ఇంకోటి మొదలయ్యేలోపు జరిగే పని. చేంజోవర్ అంటాం దాన్ని. ఫెస్ట్ నిలబడినా పరువు పోయినా అక్కడే.

ఈసారి జూనియర్స్ పిలిచారు, "అక్కా, నువ్వేం చెయ్యక్కర్లేదు, ఊరికే వచ్చి వింగ్స్‌లో నిలబడు, తేడా ఏమన్నా కనిపిస్తే చెప్పు" అని. వింగ్స్ అంటే స్టేజ్‌కి రెండు పక్కలా జనానికి కనపడని చోటు. సరే అని వెళ్లా. అదే ఆడిటోరియం, అదే గ్రీన్ రూమ్, అద్దం చుట్టూ బల్బుల్లో సగం వెలగట్లేదు, అది కూడా అలాగే ఉంది. నాటికలు, మైమ్, క్లాసికల్ డాన్స్, షార్ట్ ఫిల్మ్, చివర్లో బ్యాండ్, లాబీలో పెయింటింగ్స్. మామూలు లిస్టే.

ముందు లెక్క చెప్తా, చిన్న లెక్కే. పది ఐటెంలు ఉంటే మధ్యలో తొమ్మిది గ్యాప్‌లు. ఒక్కో గ్యాప్‌లో అనుకున్నదానికన్నా పది నిమిషాలు ఎక్కువ పట్టిందనుకోండి, ఏముందిలే పది నిమిషాలే కదా అనిపిస్తుంది, కలిపితే గంటన్నర. ఆ గంటన్నర ఎవరి నెత్తిన పడుతుందంటే చివరి ఐటెం వాళ్ల నెత్తిన. అప్పటికి జనం లేచి వెళ్లిపోయి ఉంటారు, ముందు వరసలో గెస్టులు ఎప్పుడో వెళ్లిపోయారు, హాల్ వాళ్లు గేటు దగ్గర తాళాలు పట్టుకుని నిలబడి ఉంటారు, మిగిలేది ఆ పిల్లల ఇంట్లోవాళ్లు. ఇంకో సంగతి గమనించారో లేదో, చివరి స్లాట్ ఎప్పుడూ పలుకుబడి లేనివాళ్లకే పడుతుంది, ఫస్ట్ ఇయర్ పిల్లలో, కమిటీలో తెలిసినవాళ్లు ఎవరూ లేని టీమో. అంటే స్టేజ్ మీద ఒక సీనియర్ గారి నాటిక ఇరవై నిమిషాలని చెప్పి ఇరవై ఎనిమిది ఆడితే ఆ ఎనిమిది నిమిషాలూ ఎవరో ఫస్ట్ ఇయర్ అమ్మాయి జేబులోంచి తీసుకున్నట్టే. ఆలస్యాన్ని జనం ఓపిక సమస్యగా చూస్తారు గానీ నాకైతే అది అన్యాయం సమస్య.

దీనికి మూలం షో రోజు కాదు, సెలెక్షన్ రోజు. సెలెక్షన్ కమిటీలో కూర్చునేదీ స్టూడెంట్సే, బయట నిలబడేదీ వాళ్ల క్లాస్‌మేట్సే, రేపు పొద్దున క్యాంటీన్‌లో మొహం మొహం చూసుకోవాలి కాబట్టి కాదు అనే మాట నోట్లోంచి రాదు. ఆరు ఐటెంలకి సరిపోయే సాయంత్రంలో పది కుక్కుతారు. వద్దని చెప్పడం పాపం ఏమీ కాదు అని నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది, 1947లో ఎడిన్‌బరోలో పెద్ద అంతర్జాతీయ ఫెస్టివల్ మొదటిసారి పెట్టినప్పుడు పిలుపు లేని ఎనిమిది నాటక బృందాలు వాళ్లంతట వాళ్లే వచ్చి, ఖాళీగా దొరికిన చోట ఆడేశాయి. దాన్నే ఇప్పుడు ఫ్రింజ్ అంటున్నారు, అసలు ఫెస్టివల్ కన్నా అదే పెద్దదైపోయింది, ఈరోజుకీ దానికి సెలెక్షన్ కమిటీ లేదు. కాబట్టి మెయిన్ స్టేజ్ దొరకనివాళ్లకి లాబీ ఇవ్వండి, వెనకున్న ఖాళీ జాగా ఇవ్వండి. లైట్లు అక్కర్లేని ఐటెంలు బోలెడుంటాయి. ఈసారి కవితలు చదివే బ్యాచ్‌ని లాబీలో పెయింటింగ్స్ మధ్య నిలబెట్టారు, స్టేజ్ మీద మైక్ ముందు చదివితే ఆవలింతలు తీసేవాళ్లు ఇక్కడ గుంపుగా మూగి మరీ విన్నారు.

రన్ టైం సంగతి కూడా. డైరెక్టర్ చెప్పే టైం నమ్మకండి, అబద్ధం చెప్తారని కాదు, రిహార్సల్లో నవ్వేవాళ్లు ఉండరు, హాల్లో ఉంటారు. జనం నవ్వితే నటుడు ఆగుతాడు, చప్పట్లు కొడితే ఇంకా ఆగుతాడు, మనవాళ్లు క్లాప్స్ పడ్డ డైలాగ్‌ని ఇంకోసారి కూడా అంటారు! కామెడీ నాటిక అయితే రిహార్సల్ టైంకి కొంచెం కలిపే రాసుకోవాలి. ఇంకోటి, స్క్రిప్ట్ పర్మిషన్. ఎవరి నాటకం ఆడుతున్నారో వాళ్ల దగ్గర అనుమతి తీసుకోవాలనే ఊహే ఉండదు చాలామందికి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి, యూరప్‌లో 70. పాత నాటకమే కదా అని ఊరుకోకండి, రచయిత ఎప్పుడు పోయారో చూడండి.

లైట్ల దగ్గరకొద్దాం, అసలు గొడవంతా ఇక్కడే. ప్రతి డైరెక్టర్‌కీ వాడి నాటిక ఒక్కటే ఆ రోజు ఆడుతున్నట్టు ఉంటుంది. ఒకడికి మూలన నీలం కావాలి, ఇంకొకడికి కిటికీలోంచి వెన్నెల పడాలి, మరొకడికి నాలుగు స్పాట్‌లు. ఒకే నాటకం ఆడే రోజైతే నిచ్చెనేసుకుని పైకెక్కి ఒక్కో లైటూ తిప్పుకోవచ్చు, ఫెస్ట్ సాయంత్రం అది కుదరదు, రెండు ఐటెంల మధ్య నిచ్చెన స్టేజ్ మీదకి వచ్చిందంటే ఆ రోజు షెడ్యూల్ గోవిందా. అందుకే ఫెస్ట్‌లకి ఒకటే కామన్ ప్లాన్ ఉంటుంది, ముందునుంచి మొత్తం స్టేజ్ మీద పడే వెలుతురు, పక్కల నుంచి కొంచెం, వెనక నుంచి కొంచెం, వెనక తెల్ల తెర మీద రంగులు, నడిమధ్యలో ఒక స్పాట్, చెరో పక్కా ఒకటి. అంతే. అందరూ దీంట్లోంచే ఏరుకోవాలి. ఇప్పుడు ఎల్ఈడీలు వచ్చాక రంగులు లైట్లు నడిపే బోర్డు మీదే మారిపోతున్నాయి కాబట్టి పని చాలా సులువైంది, పాతరోజుల్లో పార్ క్యాన్ అనే వెయ్యి వాట్ల లైటు ముందు రంగు జెల్ కాగితం మార్చాలంటే చెయ్యి కాలేది. కాకపోతే ఎల్ఈడీలతో ఇంకో తిరకాసు. లైట్లని బోర్డుతో కలిపే డీఎమ్ఎక్స్ అనే పద్ధతి 1986 నాటిది, ఒక్కో లైనుకి 512 చానెళ్లే ఇస్తుంది. పాత లైటుకి ఒక్క చానెల్ చాలు, వెలుతురు ఎక్కువా తక్కువా అంతే కదా, ఎల్ఈడీకి ఎరుపుకొకటి ఆకుపచ్చకొకటి నీలానికొకటి అంటూ నాలుగు, ఎనిమిది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తినేస్తుంది. చిన్న హాల్లో చానెళ్లు అయిపోవడం జరగదులెండి, అయిపోయేది ఆపరేటర్ బుర్ర. పది టీముల పది రకాల కోరికలు ఒక్క మనిషి గుర్తుపెట్టుకుని బటన్లు నొక్కాలి.

ఆ హాల్ లైట్ల అన్న ఉన్నాడు, మేము చదివేటప్పటి నుంచీ ఆయనే. టెక్ రిహార్సల్లో, అంటే లైట్లూ సౌండూ సరిచూసుకునే రిహార్సల్లో, ఒక కుర్రాడు వచ్చి "అన్నా, ఆ స్పాట్ కొంచెం ఇటు జరపవా, మా హీరో కుర్చీ ఇక్కడ ఉంటుంది" అన్నాడు. ఆయన బోర్డు మీంచి తల కూడా ఎత్తలేదు. "కుర్చీని లైట్ కిందకి జరుపుకో నాన్నా. కుర్చీకి కాళ్లు నాలుగు, నా లైటుకి ఒక్కటీ లేదు."

నాకు ఇది గోడ మీద రాయించాలనిపించింది. చాలామంది కుర్రాళ్లు ఇలాంటివాళ్లని ఆపరేటర్ కదా, చెప్పింది చెయ్యాలి అన్నట్టు మాట్లాడతారు, తర్వాత షో దెబ్బతింటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు లైట్లు సరిగ్గా వెయ్యలేదు సార్ అని జడ్జీల దగ్గర మొర పెట్టుకుంటారు. ఆ హాల్లో ఎక్కడ నిలబడితే మొహం కనిపిస్తుందో ఎక్కడ నిలబడితే ముక్కు నీడ మూతి మీద పడుతుందో ఆయనకి తెలిసినంత మనకి తెలీదు. వెళ్లి అడగండి. మర్యాదగా అడిగితే అన్నీ చెప్తాడు, టీ ఇప్పిస్తే ఇంకా ఎక్కువ చెప్తాడు.

టెక్ రిహార్సల్ అంటే నాటకం మొత్తం ఆడటం కాదు అని పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడం ఇంకో పెద్ద పని. దొరికేదే కాస్త టైం, అందులో క్యూ నుంచి క్యూకి దూకాలి, క్యూ అంటే లైటో సౌండో మారాల్సిన చోటు, ఒక్కోదానికీ ఒక నెంబరు ఉంటుంది. లైట్ మారే ముందు ఒక డైలాగ్, మారాక ఒక డైలాగ్, తర్వాతది పదండి. నటులకి ఇది అస్సలు నచ్చదు, ఫీల్ రావట్లేదు అంటారు. ఫీల్ నీ రూమ్‌లో తెచ్చుకో నాయనా, ఇక్కడ టైం లేదు.

ఈసారి స్టేజ్ మేనేజర్ సెకండ్ ఇయర్ అమ్మాయి, సన్నగా ఉంటుంది, గొంతు కూడా సన్నమే, కానీ హెడ్‌సెట్ పెట్టుకున్నాక ఒక్క మాట వృథాగా అనదు. "లైట్ పద్నాలుగు, సౌండ్ ఆరు, స్టాండ్‌బై." అటువైపు నుంచి ఇద్దరూ "స్టాండ్‌బై" అంటారు. తర్వాత మౌనం, నటుడు గ్లాసు బల్ల మీద పెట్టే దాకా, అప్పుడు "గో". ఆ గో అనే మాట హెడ్‌సెట్ మీద ఇంక దేనికీ వాడకూడదు అనేది రూలు, ఎందుకంటే ఆపరేటర్ వేలు ఆ మాట కోసమే బటన్ మీద ఆగి ఉంటుంది. టెక్ రోజు ఒక వాలంటీర్ హుషారుగా "లెట్స్ గో గైస్" అన్నాడు, స్టేజ్ మొత్తం బ్లాకౌట్! చీకట్లో ఎవరో బల్లకి గుద్దుకున్న చప్పుడు. అప్పట్నుంచీ వాడి దగ్గర హెడ్‌సెట్ తీసేసుకుని గ్రీన్ రూమ్ డ్యూటీ వేశారు.

బ్లాకౌట్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. వెలుతురు లోంచి చీకట్లోకి వస్తే కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఫుల్ లైట్ల కింద నిలబడ్డ నటుడికి బ్లాకౌట్‌లో దొరికేవి పది సెకన్లు. అంటే వాడు గుడ్డివాడు కింద లెక్క, వింగ్స్‌లోకి తడుముకుంటూ రావాలి. అందుకే మెట్ల అంచుల మీద, సెట్ మూలల్లో మెరిసే టేప్ అతికిస్తారు, ఆ టేప్ కూడా ముందు వెలుతురు తాగితేనే చీకట్లో మెరుస్తుంది, ఎప్పుడూ చీకట్లోనే ఉండే మూల అతికిస్తే ఉపయోగం లేదు, షోకి ముందు టార్చ్ కొట్టాలి. వింగ్స్‌లో ఫోన్ ఫ్లాష్‌లైట్ వేసేవాళ్లని మాత్రం నేను క్షమించలేను. ఒక్క ఫ్లాష్‌తో చుట్టుపక్కల అందరి కళ్లూ మళ్లీ మొదటికొస్తాయి.

ఇప్పుడు నాకు ఈ ఫెస్ట్‌లో అన్నిటికన్నా నచ్చిన సీను. ఒక నాటిక అయ్యాక డాన్స్ ఉంది. నాటికలో గొడవ సీను, కాగితాలు చింపడం, పూసల దండ తెగిపడటం అన్నీ ఉన్నాయి, తర్వాత వచ్చేది ఒట్టి కాళ్లతో డాన్స్ చేసే అమ్మాయిలు. తెర పడింది, బల్లలు కుర్చీలు బయటకి పోయాయి, నేల మీద ఒక్కో టీముకి ఒక్కో రంగు టేప్ మార్కులు, పసుపుది పీకేశారు, ఎరుపుది ఉంచారు. చీపురు పట్టారు. అంతా అయిపోయిందనుకున్నా నేను. అప్పుడు నల్ల టీషర్ట్ వేసుకున్న ఒక కుర్రాడు పాత స్పీకర్‌లోంచి తీసిన మాగ్నెట్‌ని కర్రకి కట్టి, నేలకి ఆనీ ఆననట్టు పట్టుకుని, పొలం దున్నినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి వరసలుగా నడిచాడు. ఇవతలికొచ్చి నాకు చూపించాడు, రెండు సేఫ్టీ పిన్నులు, ఒక హెయిర్ పిన్ను, స్టేప్లర్ పిన్నులు, వంకర మేకు ఒకటి. పూసలు మాగ్నెట్‌కి అంటవు కాబట్టి వాడి వెనకే ఒకమ్మాయి తడి గుడ్డ, ఆ వెనకే ఇంకొకడు పొడి గుడ్డ, తడి ఉంటే కాలు జారుతుంది కదా. ఇదంతా తెర వెనక, జనానికి తెర ముందు యాంకర్ల గొంతు తప్ప ఏమీ తెలీదు. వాడు ఆ మేకుని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఎవరు నేర్పారు అంటే ఎవరూ నేర్పలేదంట, కిందటేడు ఒక డాన్సర్ కాలికి గుచ్చుకుంటే చూశాడంట.

ఆ డాన్స్ ముందు మైమ్ పెట్టకపోవడం కూడా తెలివైన పనే. మైమ్ అంటే చడీచప్పుడు ఉండదు, పక్క వింగ్‌లో గజ్జెలు కట్టుకున్న ఎనిమిది మంది నిలబడి ఉంటే ఎంత కదలకుండా ఉన్నా ఘల్లుమంటుంది. షెడ్యూల్ వేసేవాడు ఐటెంలని కాగితం మీద పేర్లలా చూస్తే ఇవి తట్టవు, ఏ ఐటెం వెనక ఏం చప్పుడు ఉంటుంది, ఏం చెత్త మిగులుతుంది అని చూడాలి.

సౌండ్ దగ్గర ఎప్పుడూ జరిగే తంతే ఇప్పుడూ జరిగింది. మధ్యాహ్నం ఖాళీ హాల్లో చెక్ చేసుకుంటే గొంతు గింగురుమని మోగుతుంది, అబ్బ సూపర్ అని లెవెల్ తగ్గించేస్తారు. సాయంత్రం జనం నిండాక వాళ్ల ఒళ్లూ బట్టలూ కలిసి శబ్దాన్ని పీల్చేస్తాయి, వెనక వరసకి ఏమీ వినపడదు, పెంచితే మైక్ కూ అని కూస్తుంది. మొదటి ఐటెం వాళ్లు పాపం ఎప్పుడూ దీనికి బలి. బ్యాండ్ విషయంలో మాత్రం ఈ బ్యాచ్ భలే పని చేసింది, డ్రమ్స్‌ని పొద్దున్నే వెనక తెర వెనకాల సెట్ చేసి మైకులు కూడా పెట్టేసి సాయంత్రం దాకా దాచేశారు, చివర్లో వెనక తెర ఎత్తితే రెడీ. లేకపోతే ఒక్క డ్రమ్స్ బిగించేలోపు హాల్ సగం ఖాళీ అవుతుంది. షార్ట్ ఫిల్మ్ గురించి చెప్పడానికేం లేదు, ల్యాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు ఆఫ్ చెయ్యని డైరెక్టర్ ప్రతి ఫెస్ట్‌లోనూ ఒకడు ఉంటాడు, సీరియస్ సీన్‌లో వాళ్లమ్మ మెసేజ్ అందరం చదివాం.

ఒక్క చోట మాత్రం నేను కలగజేసుకోవాల్సి వచ్చింది. లాబీ నిండిపోయిందని మిగిలిన పెయింటింగ్ స్టాండ్లు తీసుకొచ్చి హాల్ పక్క తలుపుకి అడ్డంగా పెట్టారు. ఆ తలుపు ఎవరూ వాడరక్కా అన్నారు. ఎవరూ వాడని తలుపే కదా ఎమర్జెన్సీ ఎగ్జిట్ అంటే. 1903 డిసెంబర్ 30న చికాగోలో ఇరోక్వోయ్ అనే థియేటర్‌లో మ్యాట్నీ షో మధ్యలో ఒక లైటు నుంచి తెరకి నిప్పంటుకుంది, కట్టి కొన్ని వారాలే అయిన కొత్త థియేటర్ అది, మంటలకి ఏమీ కాదని గొప్పగా చెప్పుకున్నది. తలుపులు కొన్ని కర్టెన్ల వెనక దాచి ఉన్నాయి, కొన్ని తాళాలేసి ఉన్నాయి, కొన్నిటి గడియ ఎలా తీయాలో ఎవరికీ తెలీలేదు. 602 మంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. ఇప్పుడు తలుపుకి అడ్డంగా ఉండే ఇనప కడ్డీ, ఒంటితో తోస్తే తెరుచుకునేది చూస్తాం కదా, అలాంటిది ఒకటి ఆ ఘోరం చూశాకే అమెరికాలో తయారుచేశారు, 1908లో మార్కెట్లోకి వచ్చింది. ఇదంతా చెప్తే పిల్లలు నోరెళ్లబెట్టి విని, స్టాండ్లు తీసుకెళ్లి మెట్ల మీద పెట్టారు. మెట్ల మీద కూడా వద్దురా అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

మొత్తమ్మీద తెర పడి లేవడానికి ఎక్కడా పెద్దగా సాగలేదు, రెండు చోట్ల తప్ప. ఒకటి సీనియర్ల నాటిక, సెట్‌లో నిజం బీరువా పెట్టారు, దాన్ని మోయడానికి మనుషులు చాల్లేదు. నాటకంలో బీరువా ఎవరూ తెరవలేదు కూడా. రెండోది గెస్ట్ గారి ప్రసంగం, దానికి ఎవరి దగ్గరా మందు లేదు.

స్టూడెంట్ ఫెస్ట్‌కి ఉన్న అసలు కష్టం ఏంటంటే పని వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. రెండు మూడేళ్లు కింద పడి మీద పడి నేర్చుకున్నవాడు ఫైనల్ ఇయర్ అయ్యి పోతాడు, తర్వాతి బ్యాచ్ మళ్లీ అ ఆల దగ్గర మొదలుపెడుతుంది. ఈ స్టేజ్ మేనేజర్ అమ్మాయి ఒక ఫైలు పెట్టింది, అందులో ప్రతి చేంజోవర్‌కి అనుకున్నది ఎంత, పట్టింది ఎంత, ఎందుకు అని మూడు గడులు. బీరువా అని ఒక చోట పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీసింది. షో అయ్యాక క్రూని స్టేజ్ మీదకి పిలిచి సన్మానం చేద్దామని కమిటీ వాళ్లు వస్తే, హాల్ అప్పగించే టైం దగ్గరపడింది, కేబుళ్లు చుట్టాక చూద్దాం అని పంపించేసింది. కేబుల్ చుట్టడం కూడా మోచేతికి తాడులా చుడితే లోపల తీగ మెలిపడి చచ్చిపోతుంది, ఒక చుట్టు పైనుంచి ఒక చుట్టు కిందనుంచి వెయ్యాలి, అది దగ్గరుండి ఫస్ట్ ఇయర్స్‌కి నేర్పిస్తోంది.

ఫైలు నాకిచ్చి నువ్వు కూడా ఏమన్నా రాయక్కా అంది. యాంకర్ల గురించి రాశా. చేంజోవర్ ఇంకా ఎంతసేపు ఉందో తెర ముందున్న వాళ్లకి తెలీదు, అందుకే ఒకసారి జోకు మధ్యలో తెర లేచిపోయింది, ఇంకోసారి చెప్పడానికి ఏమీ లేక జనాన్ని మూడుసార్లు చప్పట్లు కొట్టమన్నారు. వాళ్లకీ ఒక ఇయర్‌పీస్ ఇవ్వండి, ఇంకా రెండు నిమిషాలు అని చెవిలో పడితే వాళ్లే లాక్కొస్తారు. డబ్బుల్లేవు అంటే ఫ్లెక్సీల్లో ఒకటి తగ్గించండి, గెస్ట్ గారి మొహం గేటు దగ్గర ఒక్కసారి కనిపిస్తే చాలు.